విషవాయువుకు నీలం రంగా?

సంపాదకులు గారికి,

అయ్యా,

గత నెల ఆదివారం అనుబంధంలో యుద్ధకాలపు పత్రికల బొమ్మల మీద వచ్చిన రెండు పేజీల వ్యాసం గురించి ఈ ఉత్తరం. సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను, రాలేదు. ఆ విషయం ఎత్తుకున్నందుకు సంతోషమే గానీ, ఆ బొమ్మలకు జరిగిన అన్యాయం చిన్నది కాదు.

మొదటి పేజీలో పెద్దగా వేసిన బొమ్మ 1915 నాటిదని మీరే రాశారు, కిందేమో 'మస్టర్డ్ గ్యాస్ దాడి' అన్నారు. మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు మొదటి ప్రపంచ యుద్ధంలోకి వచ్చింది 1917 జులైలో. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర గాలివాటం చూసి జర్మన్లు 5,730 సిలిండర్ల నుంచి వదిలింది క్లోరిన్ అనే వేరే విషవాయువు. బొమ్మలోని సైనికులకు మాస్కులు లేవు, మూతికి తడిగుడ్డలు కట్టుకున్నారు. అది చూసైనా తెలుసుకోవాల్సింది. నాలుగు రోజుల తర్వాత అక్కడే దాడికి దిగిన బ్రిటిష్ ఇండియా సైన్యపు లాహోర్ డివిజన్‌లోని మన సిపాయిలూ ఆ విషం పీల్చారు. ఆ రోజు చూపిన తెగువకు జమేదార్ (ఆ సైన్యంలో భారతీయ అధికారి హోదా) మీర్ దస్త్‌కు బ్రిటిష్ సైన్యపు అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. ఇంత వ్యాసంలో ఆయన పేరే లేదు.

పైగా రంగులు! నలుపు తెలుపు బొమ్మకు కంప్యూటర్‌తో రంగులు పూయించారు, విషమేఘం నీలంగా తేలింది. క్లోరిన్ పసుపు కలిసిన ఆకుపచ్చ. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలను పట్టుకుని పాకుతుంది, కందకాల్లోకి దిగుతుంది, లోపల దాక్కున్నవాడికే ముందు ఊపిరాడకుండా చేస్తుంది. అసలు ప్రతిలో చిత్రకారుడు ఆ కందకాన్ని అడుగున గీశాడు. శీర్షికకు చోటు కోసం మీవాళ్లు సరిగ్గా ఆ అడుగుభాగాన్నే కోసేశారు. సంతకం కూడా దాంతోనే పోయింది. ఆయుధం మనిషిని ఏం చేస్తుందో చెప్పే భాగం పోయి, చూడముచ్చటైన పొగ మిగిలింది.

లోపలి పేజీలోని పాత చెక్కబ్లాకు బొమ్మలు (చెక్క మీద గీతలు చెక్కి అచ్చేసినవి) అలలు అలలుగా, బూడిద రాసినట్టు అచ్చయ్యాయి. నెట్‌లో దొరికిన చిన్న ఫైలును సాగదీసి ఫోటోలాగా స్క్రీన్ వేస్తే, అంటే సన్న చుక్కలుగా మారిస్తే, అంతే. సన్న గీతలూ స్క్రీన్ చుక్కలూ ఢీకొని చారలు పడతాయి. గీతల బొమ్మను 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) లైన్ ఆర్ట్‌గా, అంటే బూడిద ఛాయలు లేకుండా, స్కాన్ చేసి నలుపు ప్లేటు ఒక్కదాని మీదే వేయాలి. నాలుగు రంగుల్లో వేస్తే రిజిస్ట్రేషన్ (ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరడం) వెంట్రుకవాసి తప్పినా గీత రెండుగా కనిపిస్తుంది. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది, బొమ్మను మరీ కుదిస్తే గీతలు కలిసిపోయి మరకవుతుంది. ఇంకొకటి. ఆ రోజుల్లో పెద్ద బొమ్మ కోసం చిన్న చెక్కముక్కలను బోల్టులతో బిగించి, తలా ఒక ముక్క చెక్కేవాళ్లు. అతుకుల దగ్గర సన్నని తెల్లగీత పడుతుంది. చెక్కబ్లాకు అని చెప్పే ఆ గుర్తును మచ్చ అనుకుని చెరిపేశారు.

యుద్ధం మొదట్లో బ్రిటిష్ సైన్యం కెమెరాలను దగ్గరికి రానివ్వలేదు. పశ్చిమ రంగానికి వాళ్ల అధికారిక ఫోటోగ్రాఫర్ వెళ్లింది 1916లో. అందుకని లండన్‌లో కూర్చున్న చిత్రకారులు తిరిగొచ్చిన సైనికుల మాటలు విని గీసినవీ ఉన్నాయి, పగ రగిలించడానికి గీసినవీ ఉన్నాయి. గీసినవాడెవరు, ఏ పత్రిక, ఏ తేదీ, చూసి గీశాడా విని గీశాడా చెప్పకపోతే పాఠకుడు తేడా ఎలా పోల్చుకోవాలి? రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. తెలుగు పత్రికలో ఆ ముక్క కూడా లేకపోవడం మరీ బాధ.

క్షిపణులు తయారయ్యే ఊరు మన హైదరాబాద్. యుద్ధవార్త వస్తే ప్రతి పత్రికా క్షిపణి బొమ్మకు బాణపు గుర్తులు పెట్టి దూరం, వేగం, బరువు వేస్తుంది. అది పడినచోట ఏమవుతుందో ఎవరూ గీయరు. టీవీలవాళ్లయితే వీడియోగేమ్ దృశ్యాలనే యుద్ధమని చూపిస్తున్నారు.

పాత సంపుటాలు చూసి సరిపోల్చుకుందామంటే గ్రంథాలయాల్లో కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరుగుతోంది, చిరిగినచోట సెల్లోటేపు అంటించి ఇంకా పాడుచేస్తున్నారు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అందులో కాస్త ఖర్చుపెట్టి ఆ సంపుటాలను పైనుంచి తీసే కెమెరాతో ఫోటోలు తీయించలేరా?

సవరణ వేసేటప్పుడు ఆ బొమ్మను కోయకుండా, రంగుల్లేకుండా, కనీసం నాలుగు కాలమ్‌ల వెడల్పున మళ్లీ వేయండి.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్