స్టీరింగ్ ఆయిల్ లీకు: ఇకపై మా షెడ్డులో పని ఇలా జరుగుతుంది

మా దగ్గరికి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం. ఈమధ్య ఫోన్ చేసి "స్టీరింగ్ ఆయిల్ కారుతోంది, ఎంతవుతుంది?" అని అడిగితే మేం రేటు చెప్పడం లేదు. బండి తెచ్చి అరపూట వదలమంటున్నాం, చూసినందుకు 400 రూపాయలు తీసుకుంటున్నాం. "ఇదివరకు ఊరికే చూసేవాళ్లు కదా" అని కొందరు నొచ్చుకున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇన్ని షెడ్లుండగా మా దగ్గరికే వస్తున్నారు కాబట్టి కారణం మీకు చెప్పాలి.

ఈ లీకులో ఆయిల్ కారేది ఒకచోట, కనిపించేది ఇంకోచోట. పైన ఆయిల్ డబ్బా దగ్గర, ఆయిల్‌ను తిరిగి డబ్బాలోకి తెచ్చే రిటర్న్ పైపు క్లిప్పు వదులైందనుకోండి. ఆయిల్ పైపు వెంబడే జారి, కింద ముందు చక్రాలను తిప్పే రాక్ మీద పడుతుంది, అక్కడి నుంచి నేల మీద చుక్కలు పడతాయి. కిందకు వంగి చూసినవాళ్లు రాక్ పోయిందనే అంటారు. రాక్ దించితే వేలల్లో పని, క్లిప్పు మారిస్తే వందల్లో తేలిపోతుంది. ఊరికే చూసే షెడ్డు ఆ అరపూట కూలిని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాల్సిందే. అప్పుడు పెద్ద పని వైపే మనసు లాగుతుంది. ఆ పరిస్థితి మా షెడ్డులో రాకూడదనే చెకింగ్‌కు విడిగా డబ్బు పెట్టాం. పని మాతోనే చేయిస్తే ఆ 400 బిల్లులో తగ్గిస్తాం. వేరేచోట చేయించుకున్నా సరే, ఎక్కడ కారుతోందో ఫోటోలు మీ వాట్సాప్‌కు పంపుతాం.

అరపూట ఎందుకంటే, పాత జిడ్డు ఉన్నంతసేపూ ఏదీ తేలదు. ముందు పంపు, పైపులు, రాక్ అన్నీ కడిగి ఆరబెడతాం. ఆయిల్ గుర్తు వరకు పోసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతుంటే, ఇంకొకరు కింద టార్చి పట్టుకుని చూస్తారు. చివరి వరకు తిప్పినప్పుడే ప్రెషర్ ఎక్కువ. పంపు నుంచి రాక్‌కు ఆయిల్ తోసే ప్రెషర్ పైపులో రబ్బరు, ఇనుము కలిసే చోట ఉండే లీకు చక్రాలు నిటారుగా ఉన్నంతసేపూ పొడిగానే ఉండి, చివరికి తిప్పగానే సన్నటి తుంపరలా కొడుతుంది. అయితే అలా చివర నాలుగైదు సెకన్లకు మించి పట్టి ఉంచం, పంపు వేడెక్కి దెబ్బతింటుంది. మీరు పార్కింగ్ చేసేటప్పుడు కూడా అలా బిగించి పట్టుకోకండి. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో రంగు కలిపి, బండి ఒక రౌండు తిప్పి, నీలి లైటుతో చూస్తాం.

పంపు షాఫ్టు సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోతే పుల్లీ తిరుగుడుకు ఆయిల్ చుట్టూ చిమ్ముతుంది. అది బెల్టు మీద పడితే బెల్టు జారి కీచుమంటుంది, అందుకే బెల్టునూ చూస్తాం. డబ్బాలో తెల్లటి నురగ, తిప్పినప్పుడల్లా గుయ్యిమనే శబ్దం ఉంటే, ఆయిల్ బాగా తగ్గిందో, డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపు గాలి పీలుస్తోందో అయి ఉంటుంది. ఆ పైపు ఒక్కోసారి బయటికి చుక్క కూడా కార్చదు.

అసలు చిక్కంతా రాక్ చివరి సీళ్లతోనే. రాక్ చివర మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూటు క్లిప్పు విప్పి వెనక్కి లాగితే, సీలు పోయిన బండిలో నల్లబడిన ఎర్ర ఆయిల్ జారి చేతి మీద పడుతుంది. అది తుడిచి రాక్ షాఫ్టు (లోపలి ఇనుప కడ్డీ) మీద గోరు పెట్టి గీస్తాం. నున్నగా జారితే సీల్ కిట్ వేస్తే సరిపోతుంది. గోరు తట్టుకుంటే, బూటు ఎప్పుడో చిరిగి వాననీళ్లు, మట్టి లోపలికి పోయి తుప్పు గుంటలు పడ్డాయన్నమాట. ఆ షాఫ్టు మీద ఎంత మంచి సీలు వేసినా తిరిగిన ప్రతిసారీ గుంటల అంచు దాన్ని కోసేస్తుంది. అలాంటి రాక్‌కు సీల్ కిట్ ఒక్కటే వేయమంటే వేయం. షాఫ్టు గ్రైండింగ్ చేయించి, హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) వేయించాలి, లేదా రాక్ మార్చాలి. స్క్రాప్‌లో కొన్న పాత రాక్ మీరే తెస్తే బిగిస్తాం కానీ, దానికి గ్యారంటీ ఇవ్వలేం. రాక్ దించిన ప్రతి బండికీ వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, ఆ ఖర్చు ముందే చెబుతాం.

లీకు ఆపుతుందని అమ్మే మందు డబ్బాలు ఇకపై మా షెడ్డులో పోయం. అవి రబ్బరును మెత్తబరిచి కొద్దిగా ఉబ్బిస్తాయి, కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది. చిరిగిన సీలును, పగిలిన పైపును అవి బాగుచేయలేవు. ఈలోగా నిబ్బరంగా ఘాట్ రోడ్డు ఎక్కిన బండిలో ఆయిల్ ఖాళీ అయితే స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. టాక్సీలు నడిపే అన్నలు శ్రీశైలం, తిరుమల ట్రిప్పులకు ముందు డబ్బా మూత తీసి ఒకసారి చూసుకోండి. ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడి పొగ వస్తుంటే మాత్రం బండి నడపొద్దు, అంటుకునే ప్రమాదం ఉంది. టోయింగ్‌లో తెప్పించండి.

దారిలో ఆయిల్ తగ్గిందని ఎవరైనా బ్రేక్ ఆయిల్ పోసి ఉంటే దయచేసి దాచకండి. అది పడితే పంపు నుంచి రాక్ దాకా సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. ఆ సంగతి తెలియకుండా మేం ఒక్కచోట సీలు మారిస్తే మీ డబ్బు వృథా.

స్విఫ్ట్, వ్యాగన్ఆర్ లాంటి బండ్లకు స్టీరింగ్ కరెంటుతో పనిచేస్తుంది, వాటిలో ఈ ఆయిలే ఉండదు. కింద మరక కనిపిస్తే అది ఇంజన్ ఆయిలో, గేర్ ఆయిలో, కూలెంటో అయి ఉంటుంది. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరిచి పొద్దున ఫోటో తీసి పంపండి, రంగును బట్టి సగం సంగతి ఫోన్‌లోనే చెప్పగలం. దానికి డబ్బేమీ లేదు.

లీకు చూపించడానికి వచ్చేవాళ్లు ముందుగా వాటర్ సర్వీసు చేయించకండి, మేం కడిగే ముందు చూసే ఆయిల్ జారిన దారి కూడా ఒక ఆధారమే. పొద్దున 10 లోపు తెస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు సంగతి చెబుతాం. పాత బిల్లులుంటే వెంట తెచ్చుకోండి.