చదరంగం బోర్డు మీద రెజిన్ పోసే ముందు ఇది చదువు

ఒరేయ్,

చదరంగం బోర్డు సొంతంగా చేసుకుంటానన్నావుగా, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. చెక్క కోయడం, 64 గళ్లు వేయడం నీకు నేను చెప్పాలా? గడి 5 సెంటీమీటర్లు పెట్టుకో, చాలు. నా భయమల్లా పైన పోసే ఎపాక్సీ గురించే, అదే, రెజిన్‌లో హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే పూత.

చెక్క సందుల్లో గాలి ఉంటుంది. ఒకేసారి మందంగా పోస్తే ఆ గాలి పైకి తేలి బుడగలుగా ఇరుక్కుపోతుంది. ముందు బ్రష్‌తో పల్చగా ఒక పూత వెయ్యి, అది ఇంకా జిగటగా ఉండగానే పై పూత పొయ్యి. పూర్తిగా గట్టిపడనిచ్చావో, శాండ్‌పేపర్‌తో రుద్దక తప్పదు. గళ్లు ప్రింట్ తీసి అతికిస్తావా? కాగితానికి ముందే జిగురు పూత ఉండాలి, లేకపోతే రెజిన్ పీల్చుకుని నూనె మరకలా తేలుతుంది.

కలిపేటప్పుడు నీ తొందరతోనే చిక్కు. హార్డెనర్ కాస్త ఎక్కువేస్తే త్వరగా ఆరుతుందనుకునేవు! ఇది ఆరే సరుకు కాదురా, రెండూ రసాయనికంగా కలిస్తేనే గట్టిపడుతుంది. ఎక్కువైనదానికి జత దొరకదు, బోర్డు ఎప్పటికీ బంకబంకగానే ఉంటుంది. సీసా మీద 2:1 అని ఉంటే అంతే. అది కొలతకా, తూకానికా అన్నది కూడా చూడు, రెండింటికీ తేడా వస్తుంది. కప్పు అంచులు, అడుగు గీకుతూ నిదానంగా కలుపు. కలిపాక కప్పులోనే వదిలేసి ఫోన్‌లో కబుర్లు పెట్టుకోకు. కుప్పగా ఉంటే లోపలి వేడి బయటికి పోలేక, పట్టుకోలేనంతగా కాలి పొగలొస్తాయి.

బల్లకి రసమట్టం పెట్టి చూశాకే పొయ్యి. 3 మిల్లీమీటర్ల మందం దాకా దానంతట అదే పరుచుకుంటుంది, బల్ల వాలితే మాత్రం అదీ వాలుతుంది. బుడగల మీద హీట్ గన్ ఊరికే అలా తిప్పితే చాలు. గ్లవ్స్ మర్చిపోకు, కిటికీలు తెరిచి పెట్టు. ఒకసారి చర్మానికి పడకపోతే ఇక ఎప్పుడు తగిలినా దురదే.

మర్నాటికి వేలు అంటుకోదు గానీ, బరువైన పావులు పెడితే గుంటలు పడతాయి. వారం ఆగరా బాబూ. మెరుపు పొడులు మాత్రం వద్దు, ఎత్తు ఆలోచించేవాడికి అదో నస. నిగనిగ కూడా నాకు పడదు, లైటు కింద కూర్చుంటే గళ్ల మీద బల్బే కనిపిస్తుంది. వారం తర్వాత తడి శాండ్‌పేపర్‌తో రుద్ది మెరుపు తగ్గించు.

అన్నట్టు, అంచుల్లో అక్షరాలు, అంకెలు వేస్తావేమో. తెల్లగడి ఆడేవాడి కుడిచేతి మూలకి వచ్చిందో లేదో ముందే చూసుకో. రెజిన్ కిందకి వెళ్లాక చెరపడం నీ తరం కాదు.