నియమాలు ముందు మాస్టారికి పెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మా పట్టణంలో పురపాలక సంఘం కమ్యూనిటీ హాలులో నడుస్తున్న కరాటే తరగతులకు కొత్త నియమావళి వచ్చిందని, అధికారులు దాన్ని ఆమోదించారని పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. క్రమశిక్షణకు పెద్దపీట వేశారని కూడా అందులో రాశారు. మరునాడు మా మనవరాలిని దింపడానికి వెళ్లినప్పుడు, గుమ్మం పక్కన కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి ఆ పదమూడు నియమాలనూ రెండుసార్లు చదివాను. ఐదో తేదీలోగా ఫీజు కట్టాలి. డ్రెస్సు, బెల్టు మాస్టారి దగ్గరే కొనాలి. ఆలస్యంగా వస్తే వెనక్కి పంపేస్తారు. తల్లిదండ్రులు లోపలికి రాకూడదు, ఫొటోలు తీయకూడదు. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో, శిక్షణలో తగిలే దెబ్బలకు నిర్వాహకులు గానీ పురపాలక సంఘం గానీ బాధ్యులు కారు. ఆ పదమూడూ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు పెట్టినవే. నేర్పే మనిషి ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే మాట ఒక్కటి కూడా లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. చిన్నతనంలో మా ఊరి గరిడీలో కర్రసాము, ఉద్యోగంలో చేరాక కొన్నేళ్లు కరాటే నేర్చుకున్నాను. పిల్లలకు కరాటే వద్దనేవాణ్ని కాను. వద్దనుకుంటే తొమ్మిదేళ్ల మనవరాలిని నా చేత్తోనే అక్కడికి తీసుకువెళ్లను.

గత నెలలో ఒక శనివారం సాయంత్రం, పెద్దలను అప్పటికే లోపలికి రానివ్వడం లేదు కాబట్టి, కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాను. పన్నెండేళ్ల కుర్రాడిని, వాడికంటే జానెడు పొడుగున్న ఇంకో కుర్రాడితో ఫైటింగుకు దింపారు. తలకు హెల్మెట్ లేదు, నోట్లో గార్డు లేదు. పెద్దవాడు తన్నిన తన్ను చెవి పక్కన తగిలింది. చిన్నవాడు పడ్డాడు. అది కూడా సరిగ్గా రెండు ఫోమ్ చాపలు కలిసే చోట, టేపు ఊడిపోయి కింది గచ్చు కనిపిస్తున్న చోట పడ్డాడు. లేచి కూర్చుని, చెవి పట్టుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. అవతలి చివర ఫోన్లో మాట్లాడుతున్న మాస్టారు అక్కడి నుంచే “ఏం కాలేదు, లే లే” అని కేకేశారు. రెండు నిమిషాలు గడవకముందే వాడిని మళ్లీ నిలబెట్టారు. తరగతి అయ్యాక ఆ పిల్లవాడు బయట కుళాయి దగ్గర వాంతి చేసుకున్నాడు. నోరు కడిగించి, వాళ్లమ్మ వచ్చేదాకా పక్కన కూర్చోబెట్టుకున్నది నేనే. తలకు దెబ్బ తగిలాక వాంతి అయితే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని ఆ తల్లికి చెప్పవలసి వచ్చిందీ నేనే. పిల్లవాడు కోలుకున్నాడు, అదే అదృష్టం. తలకు దెబ్బ తగిలిన పిల్లలను ఆ రోజు మళ్లీ ఫైటింగుకు దింపకూడదన్నది వ్యాయామ విద్యలో మేము మొదట నేర్చుకునే సంగతుల్లో ఒకటి. ఆ పదమూడింటిలో దానికి చోటు లేదు, డ్రెస్సు ఎక్కడ కొనాలన్నదానికి మాత్రం ఉంది.

మర్యాద గురించి కూడా ఆ వార్తలో రాశారు. పిల్లలు మాస్టారికి వంగి నమస్కరించడం తప్పనిసరి చేశారట. మంచిదే, కానీ ఆ నమస్కారం ఎందుకో తెలిసి చేయించాలి. ఒకినావా దీవి నుంచి 1922లో టోక్యో వెళ్లి జపాన్‌లో కరాటేను వ్యాపింపజేసిన గిచిన్ ఫునకోషి తన శిష్యులకు ఇరవై సూత్రాలు చెప్పారు. కరాటే మర్యాదతో మొదలై మర్యాదతోనే ముగుస్తుందన్నది వాటిలో మొట్టమొదటిది. ఆ మర్యాద ఒకవైపు నుంచే నడిచేది కాదు. తరగతి మొదలయ్యే ముందూ, ముగిశాకా పిల్లలు వరుసగా మోకాళ్ల మీద కూర్చుని గురువుకు వంగితే, గురువు కూడా మోకాళ్ల మీదే కూర్చుని వాళ్లకు తిరిగి వంగుతాడు. ఆ తర్వాత అందరూ ఒకరికొకరు వంగుతారు. నిన్ను దెబ్బ తీయగల శక్తి నాకున్నా నీ ఒంటిని కాపాడే బాధ్యత నాదేనని ఇద్దరూ ఒప్పుకోవడమే ఆ వంగడానికి అర్థం. ఒక చేతిలో ఫోను పట్టుకుని, నిలబడే తల ఊపి ఊరుకునే మాస్టారికి పిల్లలు ఎంత వంగితే మాత్రం ఏం లాభం? ఫునకోషి బాటలో వచ్చిన షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో తరగతి చివర అందరూ కలిసి చెప్పే ప్రతిజ్ఞలో ఐదు వాక్యాలుంటాయి. ప్రతి వాక్యమూ ‘ఒకటి’ అన్న మాటతోనే మొదలవుతుంది, ఎందుకంటే ఆ ఐదింటిలో ఏదీ రెండోది కాదు. మాకు నేర్పిన మాస్టారు ఆ ఐదూ మాతోపాటు గొంతు కలిపి చెప్పేవారు.

ఈ వంగడాలు మన సంప్రదాయం కావని ఎవరో తల్లిదండ్రులు అన్నట్టు కూడా ఆ వార్తలో ఉంది. వారికి ఒక్క మాట చెప్పాలి. గరిడీలో కాలు పెట్టే ముందు వంగి ఆ మట్టిని కళ్లకద్దుకోనివాణ్ని మా గురువుగారు లోపలికి రానిచ్చేవారు కాదు. నూనె, పసుపు, మజ్జిగ కలిపి ఆ మట్టిని మెత్తగా చేసుకునేది కూడా మేమే. కర్ర కింద పడితే దాన్ని దాటి వెళ్లకూడదు, తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టాలి. దసరాకు అమలాపురంలో చెడీ తాలింఖానా చూసినవారికి తెలుసు, అంత జనం మధ్య కత్తులు, కర్రలు తిప్పేవాడికి ఎంత అదుపు ఉండాలో. కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు గారు కూడా విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవారే. బలాన్ని మర్యాదతో కట్టడి చేయడం మనకెవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మనం వదిలేసిన అలవాటు అది.

ఆ ఫ్లెక్సీ మీద ఉండవలసినవి ఏమిటో కూడా చెబుతాను. కొత్తగా చేరిన పిల్లలకు నిలబడడం, పడడం, దెబ్బను ఆపుకోవడం వచ్చేదాకా ఫైటింగు ఉండకూడదు. ఆ తర్వాత కూడా ఈడూ బరువూ చూసే జత కలపాలి. పోటీల్లో సైతం అదుపు తప్పి ముఖం మీద గట్టిగా కొడితే కొట్టినవాడికే శిక్ష పడుతుంది, తరగతిలో అంతకంటే ఎక్కువ జాగ్రత్త ఉండవద్దా? గోళ్లు కత్తిరించుకుని, చెవుల దిద్దులు తీసి రావాలని పిల్లలకు చెప్పండి, దానితోపాటు చాపలు వారానికి రెండుసార్లు కడగాలని నిర్వాహకులకూ చెప్పండి, తామర లాంటివి అంటుకునేది అక్కడే. ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని వెనక్కి పంపేస్తే చీకటి పడే వేళ ఒంటరిగా ఎక్కడికి పోతాడు? గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గురువు పిలిచాక లోపలికి రావడం ఈ విద్యలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మన ఎండల్లో మంచినీళ్లు అడగడం క్రమశిక్షణ తప్పడం కాదు. మే నెల శిబిరంలో గంటన్నర సేపు నీళ్లివ్వకుండా నిలబెట్టిన రోజులు నేను చూశాను. సీనియర్ పిల్లలను టీకి పంపకూడదు, బెత్తం ఎత్తకూడదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన నియమం తల్లిదండ్రులు లోపలికి రాకూడదన్నది. ఒంటి మీద చెయ్యి వేసి భంగిమ సరిచేసే విద్య ఇది. అలాంటి చోట తలుపులు మూసుకోవడానికి అధికారులు ఎలా ఒప్పుకున్నారు? చూసేవాళ్ల మాటలతో పిల్లల ధ్యాస చెదురుతుందంటే, గోడ వారగా నాలుగు కుర్చీలు వేసి మాట్లాడవద్దని చెప్పవచ్చు. ఆడపిల్లలున్న తరగతిలో ఒక మహిళ ఉండి తీరాలి. ఏ పిల్లనూ పిల్లవాడినీ ఒంటరిగా గదిలోకి పిలవకూడదు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినవారు దాచకుండా ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. బాధ్యత మాది కాదని అంత పెద్ద అక్షరాలతో రాయడానికి చోటు దొరికిన ఫ్లెక్సీ మీద, 1098 అన్న నాలుగంకెల చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరుకు చోటు దొరకలేదా?

మన అధికారుల తీరు ఎక్కడ చూసినా ఇంతే. ప్రభుత్వ పాఠశాలల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి సమగ్ర శిక్ష అనే కేంద్ర విద్యా పథకం కింద రాణి లక్ష్మీబాయి పేరుతో మూడు నెలల శిక్షణ పథకం ఉంది. మా బడిలోనూ జరిగింది. మూడు నెలలూ గడిచాయి, నేర్పిన మనిషి వెళ్లిపోయాడు, ఫొటోలు పైకి వెళ్లాయి. ఆ పిల్లలు నేర్చుకున్నది మరిచిపోకుండా ఏం చేయాలని అడగడానికి ఒక్కరూ రాలేదు. బెల్టుల పండుగకు మాత్రం ముఖ్య అతిథులకు కొదవ ఉండదు. ఇక్కడ రెండేళ్లకే నడుముకు నల్ల బెల్టు కట్టేస్తున్నారు, ఒక్కో రంగుకు ఒక్కో రుసుము. ఆ సర్టిఫికెట్టు ఏ సంఘం ఇచ్చిందో, ఆ సంఘానికి గుర్తింపు ఉందో లేదో తల్లిదండ్రులకు చెప్పే నాథుడే లేడు. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య భారత సంఘం గుర్తింపునే నిలిపివేసిందంటే, గల్లీలో అచ్చువేసిన కాగితం సంగతి వేరే చెప్పాలా? హాలును అద్దెకిచ్చే ముందు మాస్టారి అర్హత పత్రాలు, ప్రథమ చికిత్స తెలుసునన్న రుజువు అడగడం పురపాలక సంఘానికి ఒక పూట పని.

పై సంగతులన్నీ రెండు పేజీల్లో రాసి, వార్త వచ్చిన మూడో రోజునే కార్యాలయంలో ఇచ్చి, ఇన్‌వర్డు ముద్ర వేయించుకున్నాను. మర్నాడు వెళితే సెక్షనుకు పంపామన్నారు. సెక్షనులో అడిగితే రాలేదన్నారు. ఆ ప్రతి ఒకటి నా దగ్గరే ఉంది. ఎవరు అడిగినా ఇస్తాను, మళ్లీ రాసిమ్మన్నా రాసిస్తాను. ఈలోగా అధికారులు ఒక్క పని చేయాలి. వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటలకు ఎవరైనా ఒకరు ఆ హాలుకు వచ్చి, నాతోపాటు ఆ కిటికీ దగ్గర గంటసేపు నిలబడాలి. ఊడిపోయిన ఆ టేపును ఈ ఉత్తరం రాసే నాటికి కూడా ఎవరూ అతికించలేదు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు