‘సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్’ మొదలుపెట్టే ముందు

సుజాన్ కాలిన్స్ 2025 నవల ఇది. కథాకాలం ‘హంగర్ గేమ్స్’కి 24 ఏళ్ల ముందుదే, అలాగని ముందు దీన్నే పట్టుకోకండి. ఆ సిరీస్ రెండో పుస్తకం ‘క్యాచింగ్ ఫైర్’లో, ఈ నవల కథానాయకుడు హేమిచ్ గెలిచిన 50వ ఆటల (పిల్లలు ఒక్కరే మిగిలేదాకా చంపుకునే పోటీ) టేపు చూసే ఘట్టం ఉంది, కొద్ది పేజీలే. అది చదివితేనే ఆ టేపులో ఏం కత్తిరించారో, ఏం అతికించారో ఇక్కడ పట్టుకోగలం. నవల సత్తా అంతా అందులోనే ఉంది.

ఈ 50వ ఆటల్లో జిల్లాకి నలుగురు, మొత్తం 48 మంది పిల్లలు. పేర్లు కలగాపులగం అయిపోతాయి, జిల్లా నంబర్లతో చీటీ రాసి పుస్తకంలో పెట్టుకోండి. చివర్లో ఎడ్గార్ అలన్ పో కవిత ‘ద రేవెన్’ పంక్తులు మాటిమాటికీ వచ్చి కథకి అడ్డం పడతాయి, నాకైతే ఎక్కువైందనిపించింది. కవిత ముందే చదివి ఉంటే హేమిచ్ ప్రేమించే లెనోర్ డవ్‌కి ఆ పేరెందుకో తెలుస్తుంది.

హేమిచ్ బతుకుతాడని తెలిసిందే కదా, మిగతావాళ్ల సంగతి మాత్రం ఆదివారం దాకా ఇక్కడ రాయొద్దు.