కత్తెర వేసిన స్ట్రిప్పులు, చిల్లుపడే గుండెలు

సంపాదకుడు గారికి,

మా మారతహళ్ళిలో వారం దాటిన జ్వరానికి కూడా మొదటి డాక్టరు మందుల షాపు కుర్రాడే. చీటీ అడగడు. యాంటీబయాటిక్ స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్ళలు కాగితం కవర్లో వేసిస్తాడు. మందు పేరూ, చీటీ లేకుండా వాడొద్దని చెప్పే ఎర్ర గీతా సగం షాపులోనే ఉండిపోతాయి.

చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం (వాల్వు) చెడినవాళ్ళకు, వాల్వు మార్పించుకున్నవాళ్ళకు ఇది ప్రాణం మీదికొస్తుంది. అనంతపురం నుంచి ఇక్కడికి తాపీ పనికొచ్చిన మా పిన్ని కొడుక్కి అదే జరిగింది. సాయంత్రమైతే చలి, జ్వరం. బిళ్ళలు వేసుకుంటే రెండ్రోజులు తగ్గేది, మళ్ళీ మొదలు. పెద్దాసుపత్రికి చేరేసరికి రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో, ఏ క్రిమీ పెరగలేదు. కవాటం పక్కన మాత్రం చీము గూడు కట్టింది. ఆపరేషన్‌తో బతికాడు గానీ తాపీ పట్టే ఓపిక పోయింది.

కవాటానికి పట్టిన ఇన్ఫెక్షన్ పక్కనున్న కండరంలోకి పాకి అక్కడ చీము పట్టొచ్చు. గుండె గదుల మధ్య గోడకు చిల్లు పడొచ్చు. గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాల దారి కూడా అక్కడే ఉంది కాబట్టి, అది దెబ్బతింటే నాడి నెమ్మదిస్తుంది. ఛాతీ మీద చేసే ఎకో అనే గుండె స్కానింగులో ఈ చీము చాలాసార్లు దొరకదు, గొంతులోంచి గొట్టం దింపి చూడాలి. ఇక చికిత్సంటే వారాల తరబడి ఇంజెక్షన్లు, చాలామందికి ఆపరేషన్ కూడా.

అందుకే ఇలాంటివాళ్ళకు తగ్గని జ్వరమొస్తే, యాంటీబయాటిక్ పడకముందే కనీసం మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కు పంపాలంటారు. ముందే బిళ్ళలు మింగితే క్రిమి దొరకడం కష్టం. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు 2014 మార్చి నుంచి మందుల నియమాల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితా కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత మందిచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మా వీధి షాపుల్లో అలాంటి పుస్తకం నా కంటికైతే ఎప్పుడూ కనపడలేదు. కర్ణాటక ఔషధ నియంత్రణ అధికారులు ఒకసారి వచ్చి అడిగి చూస్తే బాగుంటుంది.

ప్రభుత్వం నడిపే నమ్మ క్లినిక్కుల్లో కూడా వాల్వు జబ్బున్నవాళ్ళు జ్వరమంటే బిళ్ళలతో సరిపెట్టకుండా, కల్చర్ తీసే ఆసుపత్రికి అదే రోజు పంపాలి. డిశ్చార్జి కాగితాలేమో ఇంగ్లీషులో ఉంటాయి. వాటితో పాటు 'నాకు వాల్వు జబ్బు ఉంది, రక్తపరీక్ష కాకుండా యాంటీబయాటిక్ ఇవ్వొద్దు' అని కన్నడంలో, తెలుగులో, తమిళంలో ఒక కార్డు ఇస్తే, మేస్త్రీ పని చేసుకునేవాడు కూడా జేబులో పెట్టుకుని షాపువాడికి చూపించగలడు.

ఒక పాఠకుడు,
మారతహళ్ళి, బెంగళూరు