పిల్లల తుంటికి ప్లేటు వేశాక కూడా చూపించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. నేను ఉదయగిరి ప్రాంతంలో చాలా ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందినవాడిని. నిరుడు దసరా సెలవుల్లో మా అన్నగారి మనవడు, పదేళ్ల పిల్లవాడు, మిద్దె మీద నుంచి పడి తుంటి దగ్గర తొడ ఎముక మెడ, అంటే ఆ ఎముక పైకొనలోని గుండ్రటి తలకు కింద ఉండే సన్నని భాగం, విరగ్గొట్టుకున్నాడు. బెణికిందేమోనని ఒక పూట, కట్టు కట్టిద్దామా అని మరో పూట పోగొట్టుకుని, నెల్లూరుకు మరునాడు రాత్రికి గానీ చేర్చలేకపోయాము. అక్కడి డాక్టర్లు ఎముకను కుదిర్చి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. ఆపరేషన్‌లో లోపమేమీ లేదు.

పొరపాటు ఆ తరువాత మా వల్లనే జరిగింది. మూడు నెలలకు నడుస్తున్నాడు కదా అని మళ్లీ చూపించడం మానేశాము. ఈ వేసవిలో మోకాలు నొప్పి అంటే మోకాలికి నూనె రాసి ఊరుకున్నాము. తుంటిలోని బాధ మోకాలిలో తెలుస్తుందని మాకెవరికీ తెలియదు. కుంటడం మొదలయ్యాక ఎక్స్‌రే తీయిస్తే, తొడ ఎముక తలలో కొంత భాగం రక్తం అందక చచ్చుపడిందని చెప్పారు.

పిల్లల్లో విరిగే ఎముకల్లో తుంటివి నూటికి ఒకటి కూడా ఉండవు కనుక, చేయి విరిగినట్టే ఇదీ అతుక్కుంటుందని అందరూ అనుకుంటారు. కానీ తొడ ఎముక తలకు రక్తం చేర్చే సన్నని నాళాలు దాని మెడను అంటిపెట్టుకునే పైకి పోతాయి. మెడ విరిగిన క్షణంలోనే అవి తెగిపోవచ్చు, నొక్కుకుపోవచ్చు. 24 గంటల్లోపు ఎముకను కుదర్చాలని డాక్టర్లు తొందరపెట్టేది ఇందుకే. ప్లేటు విరిగిన ముక్కలను కదలకుండా పట్టి, మెడ వంగిపోకుండా కాస్తుంది గానీ, దెబ్బతిన్న రక్తనాళాన్ని బాగుచేయలేదు. ఆ నష్టం ఎక్స్‌రేలో కనబడడానికి ఒక్కోసారి రెండేళ్ల వరకూ పట్టవచ్చు. పైగా పిల్లల ఎముక ఇంకా పెరగవలసినది. ఆ ఎముక తల కింద ఉండే ఎదుగుదల పొర ముందే మూసుకుపోతే ఆ కాలు పొట్టిదవుతుంది.

మాకిచ్చిన డిశ్చార్జి చీటీలో మళ్లీ రావలసిన సంగతి ఇంగ్లీషులో ఒక్క పంక్తి ఉంది. మా ఇంట్లో దానిని ఎవరూ, చదువుకున్న నేను సహా, పట్టించుకోలేదు. రెండేళ్లపాటు ఏయే నెలల్లో రావాలో, ఎందుకు రావాలో తెలుగులో రాసిన కార్డు ప్రతి పిల్లవాడి తల్లిదండ్రులకూ ఇవ్వాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. కూలి మానుకుని నెల్లూరు దాకా వెళ్లలేని కుటుంబాల కోసం ఉదయగిరి, ఆత్మకూరు వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల్లోనే ఎక్స్‌రే తీసి, నెల్లూరులోని ఎముకల డాక్టర్లకు పంపే ఏర్పాటు చేయాలి. ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మనవి: అలాంటి ఆపరేషన్ అయిన పిల్లవాడు ఆటల పీరియడులో కుంటినా, మోకాలు నొప్పి అన్నా, ఆ సాయంత్రమే ఇంటికి కబురు చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా