పేరు ఎవరిదైనా, తెలుగు మనింటిదై ఉండాలి

సంపాదకులకు,

విదేశీ కంపెనీ పేరు లైసెన్సుకు తీసుకుని తెలుగులో పిల్లల ఛానల్ పెట్టాలనుకునేవారికి మీ పత్రిక ద్వారా ఒక మాట చెప్పాలనుంది.

1995లో కార్టూన్ నెట్‌వర్క్, 1999లో నికెలొడియన్ మన దేశానికి వచ్చాయి. 2009లో సన్ నెట్‌వర్క్ తెలుగు పిల్లల కోసమే కుషీ టీవీ పెట్టింది. ఛానళ్లకు కొదవ లేదు, మాటలకే కొదవ. మొన్న అన్నం తింటూ మా ఆరేళ్ల మనవడు "ఓహ్, ఇది చాలా అద్భుతంగా ఉంది నానమ్మా" అన్నాడు. గోంగూర పచ్చడి గురించి! డబ్బింగ్ బొమ్మలు అలాగే మాట్లాడతాయి మరి. మా ఇంట్లో "భలే ఉంది" అంటాం. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకు బాధేసింది.

లైసెన్సుతో పేరు, లోగో, పాత కార్యక్రమాలు వస్తాయి. వాటికి రాయల్టీ కడతారు, సరే. ఇక్కడి రచయితలకూ, గొంతు ఇచ్చేవారికీ కూడా సరిగ్గా డబ్బివ్వండి. పెదవుల కదలిక కోసం వాక్యాన్ని విరగ్గొట్టకండి. రోజుకు అరగంటైనా ఇక్కడ తీసినది చూపించండి. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఎందుకున్నాయో చెప్పండి. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర బొమ్మగా ఎలా మారుతుందో చూపండి. పోయిన సంక్రాంతికి అక్కడికి తీసుకెళ్తే, రంగు ఆరేదాకా మా వాడు కదల్లేదు.

- ఒక విశ్రాంత తెలుగు టీచర్, సత్యనారాయణపురం, విజయవాడ